‘నకిలీ’ రైస్ పుల్లర్ అంటే అసలుది ఇంకోటి ఉన్నట్టా?

సంపాదకులకు నమస్కారం.

రైస్ పుల్లింగ్ మోసాల వార్తలు మన జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. కథ ఎప్పుడూ ఒకటే. పాత రాగి చెంబు, దానిమీద ఎప్పుడో పిడుగు పడి రాగి కాస్తా ‘కాపర్ ఇరిడియం’ (ఇరిడియమంటే ప్లాటినం జాతి ఖరీదైన లోహం) అయిందన్న మాట, బియ్యపు గింజలు ఎగిరొచ్చి చెంబుకు అతుక్కునే వీడియో, విదేశీ కంపెనీ కోట్లిచ్చి కొంటుందన్న ఆశ, పరీక్ష ఖర్చుల కింద అడ్వాన్సు, ఆనక ఫోన్ స్విచ్చాఫ్. నిందితులెందరో, ఏమేం స్వాధీనం చేసుకున్నారో అన్నీ రాస్తారు. శీర్షికలో మాత్రం ‘నకిలీ రైస్ పుల్లర్’ అంటారు.

మా పేచీ ఆ ‘నకిలీ’ అన్న మాటతోనే. నకిలీ మిర్చి విత్తనాలంటే అసలు విత్తనాలూ ఉన్నాయని అర్థం. నకిలీ నోటుకు అసలు నోటుంది. నకిలీ రైస్ పుల్లర్ అని చదివినవాడికి కూడా ఎక్కడో అసలుది ఉండే ఉంటుందనే తోస్తుంది. పైగా ‘పట్టుబడినవాడిది నకిలీ, నా దగ్గరున్నది అసలుది’ అని తర్వాతి మోసగాడు అదే వార్త చూపించి బేరం పెట్టగలడు. రాగి ఇరిడియంగా ఎందుకు మారదో, అసలు ఒక మూలకం ఇంకో మూలకంగా మారాలంటే ఏమేం కావాలో చెబితే తప్ప ఈ దారి మూసుకోదు.

మూలకానికి గుర్తు దాని కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. రాగికి 29, వెండికి 47, ఇరిడియానికి 77, బంగారానికి 79, పాదరసానికి 80, సీసానికి 82. నిప్పు, ఆమ్లం, మూలికల పసరు, ఇవన్నీ పనిచేసేది పరమాణువు పైపొరలోని ఎలక్ట్రాన్ల మీదే. కేంద్రకం జోలికి పోవు. రాగి కరిగే 1085 డిగ్రీల దగ్గర ఒక్కో పరమాణువుకు కొలిమి ఇచ్చే శక్తి 0.1, 0.2 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తికి కొలత) మధ్య ఉంటుంది. అదే రాగి కేంద్రకంలోంచి ఒక్క ప్రోటాన్‌ను ఊడబెరకాలంటే 61 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. దాదాపు నాలుగు కోట్ల రెట్లు. ఎన్ని పుటాలు పెట్టినా ఈ తేడా పూడదు.

అలాగని పాత రసవాదుల్ని వెర్రివాళ్లనడం మాకిష్టం లేదు. నాగార్జునకొండ పక్కనున్నందుకు రసవాదమంటే మనకు నాగార్జునుడి పేరే గుర్తొస్తుంది. (బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడూ, రససిద్ధుడు నాగార్జునుడూ ఒకరు కాదని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట.) ఇంగిలీకాన్ని (పాదరసం, గంధకం కలిసిన ఎర్రటి ఖనిజం) వేడిచేసి పాదరసం తీయడం, దాన్ని ఆవిరిచేసి మళ్లీ చల్లార్చి శుద్ధి చేయడం, గంధకంతో నూరడం, ఇదంతా అసలైన రసాయనశాస్త్రమే. ‘రాగిని బంగారం చేశాం’ అన్న మాట వెనుక కూడా ఒక నిజమైన పని ఉంది. రాగి ముక్కలు, రసకం అనే జింకు ఖనిజం, బొగ్గుపొడి కలిపి మూసలో వేసి మూత బిగించి 950 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచితే, ఖనిజంలోని జింకు ఆవిరై రాగిలోకి దిగుతుంది. మూత వదులైతే ఆ ఆవిరి బయటికొచ్చి తెల్లటి పొగగా కాలిపోతుంది. వేడి 1085 దాటితే రాగే కరిగి అడుగుకు చేరి, ఆవిరి తగిలే మేర తగ్గిపోతుంది. కుదిరితే చేతికొచ్చేది పచ్చగా మెరిసే లోహం. అది ఇత్తడి. గీటురాయి మీద గీసి, గీత మీద నత్రికామ్లం చుక్క వేస్తే గీత పోతుంది. బంగారం గీత పోదు. మన కంసాలులకు ఇది కొత్త కాదు.

బంగారానికీ పాదరసానికీ తేడా ఒక్క ప్రోటానే. ఆ మాటకొస్తే రసవాదులు సరైన పొరుగింటి తలుపే తట్టారు. ఆ ఒక్క ప్రోటాన్ పని 1941లో హార్వర్డ్‌లో జరిగింది. వేగంగా పోయే న్యూట్రాన్లతో పాదరసాన్ని కొట్టి బంగారం తెచ్చారు. అయితే ఆ బంగారం నిలవలేదు. ప్రకృతిలో నిలకడగా ఉండే బంగారం 197 బరువుది (కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి 197) ఒక్కటే. పాదరసంలో 196 బరువుది వెయ్యికి ఒకటిన్నర పాలు ఉంటుంది, మిగతాదంతా 198 నుంచి పైకే. అలాంటి పాదరసంలోంచి న్యూట్రాన్ ఒక ప్రోటాన్‌ను తోసేస్తే వచ్చేది 198, 199 బరువున్న బంగారం. 198 బంగారంలో సగం 2.7 రోజుల్లో మళ్లీ పాదరసమే అవుతుంది. అమ్మేలోపు సరుకు మారిపోతుందన్నమాట.

నిలిచే బంగారానికీ దారి ఉంది. ఆ 196 పాదరసం రియాక్టర్‌లో నెమ్మదైన న్యూట్రాన్‌ను మింగితే 197 అవుతుంది. 64 గంటల అర్ధజీవిత కాలంతో, అంటే 64 గంటలకోసారి ఉన్నదాంట్లో సగం మారుతూ, అది నికార్సైన బంగారమవుతుంది. కానీ కిలో పాదరసంలో 196 ఉండేది గ్రామున్నర. అంతా మారినా వచ్చేది ఆ గ్రామున్నరే. ఈలోగా పక్కనున్న 202 పాదరసం కూడా న్యూట్రాన్లు మింగి, 47 రోజుల అర్ధజీవిత కాలమున్న రేడియోధార్మిక పాదరసంగా తయారవుతుంది. బంగారం చూడబోతే దాన్ని ముట్టుకునే వీలుండదు.

‘సీసం బంగారమైంది’ అని 2025లో చాలా పత్రికలు రాసిన వార్త కూడా నిజమే. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులోని సెర్న్ ప్రయోగశాలలో సీసపు కేంద్రకాల్ని దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా నడిపిస్తారు. ఢీకొనకుండా రాసుకుపోయినప్పుడు ఒకదాని విద్యుత్ క్షేత్రం తగిలి రెండోది ప్రోటాన్లు రాలుస్తుంది. మూడు రాలిస్తే 82 కాస్తా 79. 2015 నుంచి 2018 దాకా సాగిన ప్రయోగాల్లో అలా పుట్టిన బంగారు కేంద్రకాలు 8,600 కోట్లు. వాటి బరువు 29 పికోగ్రాములు. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. అదీ కేంద్రకాలు పోయే గొట్టం గోడను తాకిన మరుక్షణం ముక్కలైపోయింది. వార్తల్లో శీర్షిక పెద్దగా, ఈ బరువు చిన్నగా వచ్చింది.

ఇక పిడుగు సంగతి. ‘పిడుగు మూలకాన్ని మార్చలేదు’ అని కొట్టిపారేస్తే అది తప్పే అవుతుంది. 2017 ఫిబ్రవరి 6న జపాన్‌లోని కషివజాకి తీరంలో పడిన పిడుగు నుంచి వెలువడిన గామా కిరణాలు గాలిలోని నైట్రోజన్ కేంద్రకాల్లోంచి న్యూట్రాన్లను రాలగొట్టాయి. దీనికి కోటీ 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల పైన శక్తి కావాలి. అలా మిగిలిన నైట్రోజన్-13, పది నిమిషాల అర్ధజీవిత కాలంతో కార్బన్ అయిపోతుంది. నేలమీద పెట్టిన పరికరాల్లో ఆ గుర్తు దొరికింది. అంటే పిడుగు నిజంగానే నైట్రోజన్‌ను కార్బన్‌గా మారుస్తుంది.

అదే గామా కిరణం రాగి చెంబుకు తగిలిందనుకుందాం. ఏమవుతుంది? రాగి-63లోంచి ఒక న్యూట్రాన్ పోయి రాగి-62 మిగులుతుంది. 9.7 నిమిషాల అర్ధజీవిత కాలంతో అది నికెల్ అవుతుంది. 29 నుంచి 28కి దిగింది. ఇరిడియం కావాలంటే 77కు ఎక్కాలి. 48 ప్రోటాన్లు, వాటితోపాటు ఎనభై దాకా న్యూట్రాన్లు ఎక్కడినుంచో తెచ్చి ప్రతి కేంద్రకంలోనూ కూర్చాలి. ఊడగొట్టడమే తప్ప చేర్చడానికి పిడుగు దగ్గర ఏమీ లేదు. విశ్వంలో ఇరిడియం చాలావరకు పుట్టేది న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనేచోట. న్యూట్రాన్లు వరదలా పారే ఆ చోట కేంద్రకాలు వాటిని ఒకదాని వెంట ఒకటి మింగుతాయి. భూమ్మీద అది దొరికేది ప్లాటినం గనుల్లో, ప్లాటినంతోపాటు కొద్దిగా.

పోనీ ప్రయోగశాలలో చేరుస్తారు కదా అంటే, ఆ ‘చేర్చడం’ ఎంత పనో చూడండి. చిన్న మెట్టు ఎక్కడం తేలికే. 1937లో మాలిబ్డినం రేకులో టెక్నీషియం దొరికింది, 42 నుంచి 43. అమెరికాలోని బర్క్‌లీలో సైక్లోట్రాన్‌లో (కణాల్ని వేగంగా తిప్పి కొట్టే యంత్రం) వాడిన రేకును ఇటలీలోని పలెర్మోకు పంపితే అక్కడి శాస్త్రవేత్తలు సెగ్రే, పెరియర్ దాన్ని విడదీసి పట్టుకున్నారు. మనిషి చేసిన తొలి మూలకం అదే. 1940–41లో యురేనియం మీద నెప్ట్యూనియం, ప్లుటోనియం వచ్చాయి. 1955లో మెండెలీవియం మొత్తం 17 పరమాణువులు. పైకి పోయేకొద్దీ లెక్క ఇలాగే చిక్కిపోతుంది.

117వ మూలకం టెన్నెసీన్‌నే తీసుకోండి. 20 ప్రోటాన్ల కాల్షియంతో 97 ప్రోటాన్ల బెర్కీలియాన్ని కొట్టాలి. ముందు ఆ బెర్కీలియం ఉండాలి కదా. అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో క్యూరియం, అమెరీషియాలను 250 రోజులు న్యూట్రాన్లలో ఉంచి, మూడు నెలలు చల్లబెట్టి, ఇంకో మూడు నెలలు విడదీస్తే వచ్చింది 22 మిల్లీగ్రాములు. దాని అర్ధజీవిత కాలం సుమారు 330 రోజులు, అంటే తయారైన క్షణం నుంచే తరుగుతోంది. పెట్టె విమానమెక్కాక కాగితాలు సరిగా లేవని తిప్పిపంపితే అట్లాంటిక్ మీద అటూ ఇటూ అయిదుసార్లు తిరిగింది. చివరికి రష్యాలో దాన్ని పలుచని టైటానియం రేకుకు పూతగా పూసి, దుబ్నాలో గిరగిర తిరిగే చక్రానికి బిగించారు. చక్రం ఎందుకంటే, కిరణపుంజం ఒకేచోట పడితే రేకు కాలిపోతుంది. కాల్షియం కూడా మామూలుది పనికిరాదు. న్యూట్రాన్లు ఎక్కువగా ఉన్న కాల్షియం-48 కావాలి. ప్రకృతిలోని కాల్షియంలో అది వెయ్యికి రెండు పాలు కూడా ఉండదు.

దాన్ని కాంతి వేగంలో పదో వంతు వేగంతో, సుమారు 25 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వదిలారు. తగ్గితే రెండు కేంద్రకాల ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఎక్కువైతే అతుక్కున్న కేంద్రకం ఆ వేడికి రెండుగా చీలిపోతుంది. సరిగ్గా కుదిరినా చాలాసార్లు కలిసీ కలవకుండానే విడిపోతాయి. 150 రోజులు కొడితే దొరికినవి ఆరు పరమాణువులు. 2010లో ప్రకటించారు, 2016లో పేరు ఖాయమైంది. జపాన్‌లో జింకుతో బిస్మత్‌ను కొట్టి నిహోనియం తెచ్చినవాళ్లకు తొమ్మిదేళ్లలో మూడే మూడు పరమాణువులు దొరికాయి. మన చెంబువాళ్లు మాత్రం ఒక్క పిడుగుకు కిలోల లెక్కన చేసేస్తారు!

ఈ రంగంలోనూ మోసం జరగలేదా? జరిగింది. 1999లో 118వ మూలకం దొరికిందని బర్క్‌లీ ప్రకటించింది. జర్మనీ, జపాన్ ప్రయోగశాలలు అదే ప్రయోగం చేసి చూస్తే ఏమీ కనబడలేదు. బర్క్‌లీ వాళ్లే పాత టేపుల్లోని ముడి లెక్కలు తిరగేస్తే ప్రకటనలో చూపించిన ఆనవాళ్లు అందులో లేనేలేవు. ప్రకటన వెనక్కి తీసుకున్నారు. ఇంకొకరు అదే పని చేసి చూడటం, ముడి లెక్కలు బయటపెట్టడం ఉన్నాయి కాబట్టే అది బయటపడింది. చెంబు విషయంలో ‘తాకొద్దు, రేడియేషన్ ఉంది’ అంటారు. ఇక చూసేదేముంది?

ఆ రేడియేషన్ మాటకూ జవాబుంది. ప్రకృతిలో దొరికే ఇరిడియం రెండు రకాలు, 191, 193. రెండూ నిలకడైనవే, కిరణాలు రావు. రాగిలో రేడియోధార్మిక రకాలున్నాయి గానీ, వాటన్నిటిలో ఎక్కువకాలం ఉండే రాగి-67కే అర్ధజీవిత కాలం 62 గంటలు. తాతల నాటి చెంబులో నెల తిరిగేసరికి ఏమీ మిగలదు. సూటు, ముసుగు వేసుకుని వచ్చేది జనాన్ని చెంబు దగ్గరికి రానీయకుండా ఉంచడానికే.

నిజంగా కిరణాలిచ్చే ఇరిడియం పెద్ద కేన్సర్ ఆసుపత్రుల్లో ఉంటుంది. బ్రాకీథెరపీ (కణితి దగ్గరే పెట్టి కిరణాలిచ్చే చికిత్స) యంత్రాల్లో వాడేది ఇరిడియం-192. దాన్ని రియాక్టర్‌లో పెట్టి తయారుచేస్తారు. మూడున్నర మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరు కూడా లేని మందం. బియ్యపు గింజకంటే చిన్నది! కొత్తగా వచ్చినప్పుడు పది క్యూరీలు (రేడియోధార్మికతకు కొలత) ఉంటే, అందులో కిరణాలిచ్చే ఇరిడియం బరువు లెక్కగడితే ఒక మిల్లీగ్రాము చిల్లర. అర్ధజీవిత కాలం 74 రోజులు. అందుకే మూడు, నాలుగు నెలలకోసారి మార్చుతారు. ఆ 74 రోజుల్లో అర మిల్లీగ్రాము ఇరిడియం పోతుంది. పోయి ఏమవుతుందంటే, నూటికి 95 పాళ్లు ప్లాటినం. మూలకం మారడం చూడాలంటే ఊళ్లో ఉన్నది అదీ. ఎవరూ అమ్ముకోలేరు, చేత్తో పట్టుకుంటే వేళ్లు కాలిపోతాయి.

స్కానింగ్ సెంటర్లలో మాలిబ్డినం నుంచి టెక్నీషియం తీసే పని రోజూ జరుగుతుంది. సీసపు కవచంలో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి నింపిన ఓ చిన్న గొట్టం, దానికి అంటుకుని మాలిబ్డినం-99. 66 గంటల అర్ధజీవిత కాలంతో అది టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. పొద్దున్నే 0.9 శాతం ఉప్పునీరు పోస్తే టెక్నీషియం కరిగి దిగుతుంది, మాలిబ్డినం గొట్టంలోనే ఉంటుంది. దీన్ని ‘ఆవును పితకడం’ అంటారు. మర్నాటికి మళ్లీ చేపుతుంది. గొట్టంలో గాలి చేరినా, ఉప్పునీరు పొడిలో ఒకే దారి చేసుకుని పోయినా పాలు తగ్గుతాయి. మాలిబ్డినం కూడా దిగిపోవడం అంతకంటే ప్రమాదం. అందుకని సీసాను మందపాటి సీసపు డబ్బాలో పెట్టి కొలుస్తారు. టెక్నీషియం కిరణాలు బలహీనం, సీసం ఆపేస్తుంది. మాలిబ్డినానివి బయటికొస్తాయి. ఒక మిల్లీక్యూరీ టెక్నీషియానికి 0.15 మైక్రోక్యూరీ మాలిబ్డినం మించితే ఆ మందు రోగికి ఎక్కించకూడదు. పెట్ స్కాన్ ఫ్లోరిన్-18 అయితే ఆక్సిజన్-18 ఉన్న నీటిని ప్రోటాన్లతో కొట్టగా వస్తుంది. అర్ధజీవిత కాలం 110 నిమిషాలు. హైదరాబాద్‌లో నింపి విజయవాడకు కారులో అయిదు గంటలు పడితే చేరేది నూటికి 15 పాళ్లే. జాతీయ రహదారి మీద జామ్ అయితే స్కాన్ వాయిదా.

అసలు భయపడాల్సింది పాత ఇనుము విషయంలో. 2010లో ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల అంగట్లో, వేలంలో అమ్మేసిన ఓ పాత పరికరంలోని రేడియోధార్మిక కోబాల్ట్-60 బయటపడి ఒకరు చనిపోయారు, పలువురికి చర్మం కాలింది. ఆటోనగర్‌లో గానీ మరోచోట గానీ పసుపు మీద మూడు రెక్కల గుర్తున్న డబ్బా, చిన్నదైనా విపరీతమైన బరువున్న సీసపు డబ్బా కనబడితే కోయొద్దు, జేబులో వేసుకోవద్దు. దూరం జరిగి పోలీసులకు చెప్పాలి.

పత్రికకు మా విన్నపం రెండు ముక్కలు. ఇలాంటి వార్తల్లో ‘నకిలీ’ అన్న మాట తీసేయండి. ‘రైస్ పుల్లింగ్ మోసం’ అంటే సరిపోతుంది. దాని పక్కనే చిన్న బాక్సులో ఈ కొలత వేయండి. దీనికి వంటింటి తూకం చాలు.

చెంబును ముందు పొడిగా తూచాలి. 600 గ్రాములుందనుకుందాం. తూకం మీద నీళ్ల బకెట్ పెట్టి సున్నా చేయాలి. చెంబుకు దారం కట్టి, అడుగునూ అంచునూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదీయాలి. ముంచేటప్పుడు పక్కకు వంచి లోపలి గాలి బుడగలన్నీ పోనివ్వాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. అప్పుడు తూకం ఎన్ని గ్రాములు పెరిగితే లోహం అన్ని మిల్లీలీటర్లు ఉన్నట్టు. రాగి అయితే 67, ఇత్తడి అయితే 70 దాటి. మొత్తం ఇరిడియం అయితే 27 కంటే మించకూడదు. బంగారం విషయంలో టంగ్‌స్టన్ దాచి ఈ పరీక్షను తప్పించుకునేవాళ్లున్నారు, రెండింటి సాంద్రతా ఒకటే గనక. ఇరిడియానికి ఆ వీలు కూడా లేదు. దాన్ని మించిన సాంద్రత ఉన్న లోహం ఆస్మియం ఒక్కటే, అది చవకైనదేం కాదు. ఇరిడియం 2446 డిగ్రీల దాకా కరగదు, చల్లగా ఉండగా సుత్తితో కొడితే పగులుతుంది. తాతల నాటి కంచరి దాన్ని చెంబుగా సాగగొట్టే ప్రశ్నే లేదు. గింజల సంగతంటారా, బియ్యానికి ఇనుప రజను పట్టించి చెంబు అడుగున అయస్కాంతం దాస్తే చాలు. గుప్పెడు బియ్యం మన ఇంటినుంచే తీసుకెళ్లి, కడిగి ఆరబెట్టి, అవే పెట్టమనండి.

– రసాయన, భౌతిక శాస్త్ర విశ్రాంత అధ్యాపకులు,
బ్రాడీపేట, గుంటూరు